పర్లాకిమిడిలో సొంతింట్లో క్లినిక్, సగం పేషెంట్లు అయినవాళ్ళే: హద్దులు ఎలా పెట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకర్థమైనంతవరకు ఇదీ. ఎంబీబీఎస్ అయ్యాక, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడిలో సొంతింటి కింది వాటాలో క్లినిక్ పెట్టారు. వచ్చేవాళ్ళలో సగంమంది చుట్టాలో, వీధివాళ్ళో, నాన్నగారి స్నేహితులో. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో రిపోర్టుల ఫొటోలు. పెళ్ళి భోజనాల దగ్గర నోరు తెరిచి గొంతు చూపించడాలు. "మా కోడలు నిన్న ఎందుకొచ్చింది బాబూ" అని ఆరాలు. పాత తేదీ వేసి సెలవు చీటీ ఇమ్మనడాలు. కొండ మీంచి వచ్చే సవర గిరిజనులు తెచ్చే పనసకాయలు. వీటికి తోడు ఈమధ్య ఒక పేషెంటు సొంత విషయాల మెసేజీలు పెడుతున్నారు. "కాదంటే పొగరంటారు, ఔనంటే నా ఇల్లు నాది కాకుండా పోతోంది" అని రాశారు.

సూటిగా చెప్తాను. మనుషుల్ని దూరం చేసుకోనక్కర్లేదు, వైద్యం జరిగే చోటు మారిస్తే చాలు. తెలిసినవాళ్ళకు చూడనంటే ఆ ఊళ్ళో మీకు పేషెంట్లే మిగలరు. కాబట్టి ఎవరినైనా చూడండి, కానీ ఓపీ గదిలో, ఓపీ వేళలో, చీటీ రాసి చూడండి. ఈ మూడూ లేనిచోట నోటిమాటగా కూడా మందు చెప్పకండి. అత్యవసరం ఒక్కటే మినహాయింపు. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే మీరు రాసిన ఇబ్బందుల్లో ముప్పాతిక వంతు వాటంతటవే సర్దుకుంటాయి.

బేరం లేనివి మాత్రం నాలుగున్నాయి. పాత తేదీ సర్టిఫికెట్, ఆడ అటెండెంటు లేకుండా ఆడవాళ్ళ ఒంటి పరీక్ష, ఒకరి జబ్బు సంగతి మరొకరికి చెప్పడం, పేషెంటుతో ప్రేమ వ్యవహారం. వీటిలో మొహమాటానికి పోతే రిజిస్ట్రేషన్‌కే ఎసరు. ఫోన్లు, ఫీజులు, కానుకల్లాంటివి పట్టువిడుపులతో నడుపుకోవచ్చు.

నిబంధనల గురించి ఒక మాట. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త ప్రవర్తనా నియమాలు తెచ్చి, ఆ నెలలోనే పక్కన పెట్టింది. వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరిగే పీడీఎఫ్ అదే. అమల్లో ఉన్నవి 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు. కింద నేను "నిబంధనలు" అన్నచోటల్లా వాటి గురించే.

అయినవాళ్ళకు చూడటంలో అసలు ప్రమాదం ఏమిటి?

టైము పోతుందనో డబ్బు రాదనో కాదు, వైద్యం సగమే జరుగుతుంది. మేనమామను "రోజూ ఎంత తాగుతారు?" అని అడగలేం. పిన్నిని రొమ్ము పరీక్షకు పడుకోమనలేం. అడగలేని ప్రశ్న, చేయలేని పరీక్ష ఉన్నచోట ఊహతో మందు రాస్తాం. యాభై అయిదేళ్ళ బాబాయి అన్నం తింటూ "విరేచనంలో రక్తం పడుతోంది రా" అంటాడు. అక్కడికక్కడే మొలలని ఒక ఆయింట్‌మెంటు పేరు చెప్తాం. బరువు తగ్గాడా, హిమోగ్లోబిన్ ఎంత, వేలితో పరీక్ష చేస్తే ఏమైనా తగులుతోందా అన్నవి ఏవీ జరగవు. వేలికి అందే గడ్డ కాస్తా ట్యూబులు మారుతూ నెలలు గడిచాక బరంపురంలోనో విశాఖలోనో బయటపడుతుంది. అదే బాధతో ముక్కూముఖం తెలియని మనిషి వచ్చుంటే మొదటి రోజే గ్లవ్ వేసుకునేవారు కదా.

దీనికొక పరీక్ష ఉంది. చుట్టం బాధ చెప్పగానే మనసులో వేసుకోండి: కొత్త మనిషి ఇదే చెప్తే నేను ఏమేం అడిగేవాణ్ణి, ఏమేం చూసేవాణ్ణి? ఆ వరుసలో ఒక్కటైనా ఈ మనిషి దగ్గర చేయలేనిపిస్తే ఆ కేసు మీది కాదు. ఉత్తరం రాసి ఇంకొకరి దగ్గరికి పంపండి. "నువ్వు నాకు బాబాయివి, నేను మొహమాటపడి ఏదైనా వదిలేస్తే నీకే నష్టం. ఫలానా డాక్టరు గారు చూస్తే నాకూ ధైర్యంగా ఉంటుంది" అంటే ఎవరూ నొచ్చుకోరు. పైగా గౌరవంగా తీసుకుంటారు.

సొంత ఇంట్లోవాళ్ళ విషయంలో గీత ఇంకొంచెం ఇటు జరగాలి. జ్వరం, విరేచనాలు, దెబ్బకు కట్టు, వేరే డాక్టరు మొదలెట్టిన బీపీ మాత్ర అయిపోతే నాలుగు రోజులకు రాయడం వంటివి ఫర్వాలేదు. మానసిక సమస్యలు, గర్భం, కాన్సర్ అనుమానం, ఆపరేషన్ చేయించాలా వద్దా అన్న నిర్ణయం, నిద్రమాత్రలు, ట్రమడాల్ వంటి నొప్పి మందులు ఇంట్లోవాళ్ళకు రాయకండి. మీకు మీరు అసలే రాసుకోకండి. రాయాల్సి వచ్చినా ఓపీ పుస్తకంలో ఎక్కించి రాయండి. ఇంట్లోవాళ్ళ చీటీలే ఎక్కడా దొరకవు, పదేళ్ళ తర్వాత ఏ మందు పడలేదో ఎవరికీ గుర్తుండదు.

ఫీజు దగ్గర ఒక్క సలహా. ఎవరికి ఉచితమో ముందే రాసి కౌంటర్ దగ్గర పెట్టండి: అమ్మానాన్నలు, తోబుట్టువులు, తోటి డాక్టర్లు, వాళ్ళ ఇంటివాళ్ళు, ఇంకెవరినైనా చేర్చదలిస్తే వాళ్ళు. మిగతావాళ్ళకు తగ్గించాలంటే అది మీ నోటితో కాకుండా కౌంటర్ దగ్గర జరగాలి. ఉచితమైనా చీటీ రాయాల్సిందే, ఫీజు గడిలో సున్నా వేయాల్సిందే. మీ ఫీజు కనబడేలా గదిలో పెట్టాలని, రిజిస్ట్రేషన్ నంబరు ప్రిస్క్రిప్షన్ మీద ఉండాలని నిబంధనల్లోనే ఉంది. ఆ బోర్డు మీ తరఫున సగం మాట్లాడుతుంది.

ఇల్లు, క్లినిక్ ఒకేచోట ఉన్నప్పుడు

గేటు ఒకటే అయినా తలుపులు రెండుండాలి. క్లినిక్ నుంచి ఇంట్లోకి వెళ్ళే తలుపు ఓపీ వేళల్లో ఇంటివైపు నుంచి గడియ పెట్టి ఉంచండి. ఓపీ వేళ దాటాక వచ్చినవాళ్ళను అమ్మగారు "కూర్చోండి, అన్నం తింటున్నాడు, వచ్చేస్తాడు" అని హాల్లో కూర్చోబెట్టారంటే ఆ రోజుతో బోర్డు మీద టైములకు విలువ పోయినట్టే. ఇంట్లోవాళ్ళకు ఒక్క మాట నేర్పండి: "అత్యవసరమైతే ఇప్పుడే పిలుస్తాను, కాకపోతే సాయంత్రం అయిదింటికి చీటీ తీసుకోండి." అత్యవసరమో కాదో వాళ్ళు తేల్చనక్కర్లేదు, వచ్చినాయన్నే అడగమనండి. ఎదురుగా అడిగితే చాలామంది నిజమే చెప్తారు.

"ఊళ్ళో లేడు" అని మాత్రం ఎవరిచేతా చెప్పించకండి. పర్లాకిమిడి అంతటి ఊళ్ళో ఆ అబద్ధం సాయంత్రానికల్లా మార్కెట్లో తేలుతుంది.

పెళ్ళిళ్ళలో, గుళ్ళో, సంతలో పట్టుకునేవాళ్ళకు నవ్వుతూ ఒకటే సమాధానం: "ఇక్కడ చూస్తే తప్పు చెప్తాను మావయ్యా. రేపు తొమ్మిదింటికి రా, మొదటి చీటీ నీదే." రెండో వాక్యం మర్చిపోకండి. మొదటిది ఒక్కటే అంటే కాదన్నట్టుంటుంది, రెండోది కలిస్తే ఆదరించినట్టుంటుంది.

ఫోన్, వాట్సాప్

రెండో సిమ్ తీసుకోండి. అది క్లినిక్‌ది, ఓపీ వేళల్లో కాంపౌండర్ చేతిలో ఉంటుంది. బోర్డు మీద, ప్రిస్క్రిప్షన్ మీద ఆ నంబరే వేయండి. దానికి వాట్సాప్ బిజినెస్ పెట్టి తనంతట తానే వెళ్ళే జవాబు ఇలా రాయండి:

"నమస్కారం. ఈ నంబరు అపాయింట్‌మెంట్లకు మాత్రమే. రిపోర్టులు ఓపీలో చూస్తాం: ఉదయం 9 నుంచి 1, సాయంత్రం 5 నుంచి 8. ఛాతీ నొప్పి, ఆయాసం, ఫిట్స్, మూతి వంకర పోవడం, చెయ్యీ కాలూ పడిపోవడం, పాముకాటు, విషం, గర్భిణికి రక్తస్రావం, పసిబిడ్డ పాలు మానేసి మగతగా ఉండటం: వీటికి మెసేజ్ పెట్టి ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్ళండి."

కింద అదే ఒడియాలో పెట్టండి. 108 విషయంలో సరిహద్దు చిక్కొకటి ఉంది. పాతపట్నం వైపు ఊళ్ళలో ఫోను ఏ రాష్ట్రం టవరు పట్టుకుంటే కాల్ అటు పోవచ్చు. అందుకని "ముందు రాష్ట్రం, జిల్లా పేరు చెప్పి, తర్వాత ఊరు చెప్పండి" అని కాంపౌండర్‌తో అందరికీ చెప్పించండి.

రిపోర్టు ఫొటోకు జవాబెందుకు ఇవ్వకూడదంటే, ఫొటోలో వచ్చేది ఒక్క పేజీ. పైన పేరుండదు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఉన్న రెండో పేజీ ఉండదు. "షుగరు 280 ఉంది బాబూ" అంటే "గ్లిమిపిరైడ్ ఇంకో అర మాత్ర పెంచండి" అని టైపు చేస్తారు. ఆ పెద్దావిడకు కిడ్నీలు దెబ్బతిని ఉంటే, రాత్రి సరిగ్గా తినకపోతే, తెల్లారేసరికి షుగరు పడిపోయి ఒంటిమీద స్పృహ ఉండదు. మందు పేరు టైపు చేసిన క్షణాన అది ప్రిస్క్రిప్షనే. కోర్టులోనైనా, మెడికల్ కౌన్సిల్లోనైనా "ఊరికే చుట్టరికం కొద్దీ చెప్పాను" అంటే చెల్లదు.

ఫోన్లో అసలేమీ చెప్పకూడదని కాదు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దారి చూపిస్తాయి. పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ వంటి వాటిని ఏ పద్ధతిలోనైనా చెప్పవచ్చు. మీరు ఎదురుగా చూసి మొదలెట్టిన మందును అదే జబ్బుకు కొనసాగించవచ్చు. గట్టి నియంత్రణలో ఉండే షెడ్యూల్ ఎక్స్ మందులు, ఎన్‌డీపీఎస్ చట్టం కిందికొచ్చే మత్తు మందులు కుదరవు. నిద్రకు, ఆందోళనకు వాడే అల్ప్రజోలం ఫోన్లో అడిగేవాళ్ళకు "చట్టం ఒప్పుకోదు" అని తప్పు చట్టం మీద వేసేయండి, నిజమే కాబట్టి. చెప్పిన ప్రతిదీ ఓపీ పుస్తకంలో తేదీ, టైముతో ఒక లైను రాయాలి. రాసే ఓపిక లేనప్పుడు చెప్పే అవసరం కూడా లేదనుకోండి.

సొంత నంబరు ఇప్పటికే ఊరంతా పాకిపోయి ఉంటుంది. దాన్ని మార్చకండి. అందులోకి వచ్చిన ఫొటోకు క్లినిక్ నంబరు ఒక్కటే తిరిగి పంపండి. కొన్నాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, తర్వాత అలవాటు పడతారు. ఒకసారి జవాబిచ్చి ఒకసారి ఇవ్వకపోవడమే ఎక్కువ గొడవ తెస్తుంది.

ఎవరి చీటీ వాళ్ళదే

అత్తగారి ఆరాకు మాట ఇది: "ఎవరి చీటీ వాళ్ళదేనమ్మా. రేపు కోడలొచ్చి మీ గురించి అడిగినా ఇదే చెప్తాను." ఇంకేం చేర్చకండి. "ఏం లేదులే, మామూలు నీరసమే" అని సర్దిచెప్పడం కూడా రహస్యం చెప్పేయడమే. ఎందుకన్నది పెళ్ళి సంబంధాల దగ్గర తెలుస్తుంది. "ఆ కుర్రాడు మీ దగ్గరికొస్తాడట, ఏమైనా జబ్బుందా?" అని పిల్లవైపువాళ్ళు అడుగుతారు. ఆరోగ్యంగా ఉన్న పదిమంది గురించి "బంగారంలా ఉన్నాడండీ" అని చెప్పి, పదకొండోవాడి దగ్గర "నేను చెప్పకూడదు" అన్నారంటే ఆ మౌనమే జబ్బు పేరు చెప్పేసినట్టు. అందుకని మంచి కబురైనా సరే ఎప్పుడూ చెప్పకూడదు. అసలు ఆ కుర్రాడు మీ పేషెంటో కాదో కూడా చెప్పకూడదు. "పెళ్ళికి ముందు ఇద్దరూ కలిసొచ్చి పరీక్షలు చేయించుకోమనండి, ఇద్దరి ముందే చెప్తాను" అనండి.

చిన్న క్లినిక్కుల్లో సంగతులు బయటకు పొక్కేది డాక్టరు నోటి నుంచి తక్కువ, కౌంటర్ దగ్గర్నుంచి ఎక్కువ. "టీబీ మందులాయన రండి!" అని పిలవడం, ప్రెగ్నెన్సీ పరీక్ష కిట్ బల్ల మీద వదిలేయడం, ఓపీ పుస్తకం తెరిచి ఉండగా చుట్టాలు తిప్పి చూడటం ఇలాంటివే. నంబరుతో పిలవండి. పుస్తకంలో పేరు ఒకచోట, జబ్బు కేస్ షీట్‌లో ఉండాలి. ల్యాబ్ రిపోర్టు కవరులో అంటించి ఇవ్వండి. వేరేవాళ్ళు తీసుకెళ్ళాలంటే "నా రిపోర్టు ఫలానా వారికి ఇవ్వవచ్చు" అని ముందే చీటీ వెనక సంతకమో వేలిముద్రో తీసుకోండి. కాంపౌండర్ మీ పెద్దమ్మ కొడుకైతే చేరిన రోజే చెప్పండి: ఇక్కడ విన్నది ఇంటి అరుగు మీద వినబడితే చుట్టరికం ఉంటుంది, ఉద్యోగం ఉండదు.

చెప్పక తప్పనివి కొన్ని ఉన్నాయి. కోర్టు ఆదేశిస్తే, ఫలానా మనిషికో సమాజానికో స్పష్టమైన తీవ్ర ప్రమాదం ఉంటే, తెలియజేయాల్సిన జబ్బయితే చెప్పవచ్చని నిబంధనలు అంటాయి. టీబీ ప్రతి కేసూ ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేయాల్సిందే, ప్రైవేటు ప్రాక్టీసుకూ మినహాయింపు లేదు. హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టానికి వేరే పద్ధతి ఉంది. భార్యకు మీరే వెళ్ళి చెప్పేయకండి, ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రం (ఐసీటీసీ) కౌన్సెలింగ్‌కు పంపి అక్కడి క్రమంలో జరగనివ్వండి.

పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల గర్భంతో వస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు తెలపడం మీ బాధ్యత. తెలపకపోతే ఆరు నెలల వరకు శిక్ష ఉంది. కొండ గ్రామాల్లో చిన్న వయసు పెళ్ళిళ్ళున్నాయి, "పెద్దమనుషుల్లో తేల్చుకున్నాం బాబూ" అని ప్రాధేయపడతారు. వైద్యం ముందు, కాగితం తర్వాత. కానీ కాగితం ఆగకూడదు, ఆ సంగతి మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయాలి. గర్భస్రావం కోరిన మైనరు, ఆమె సంరక్షకులు అడిగితే పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు రాయనవసరం లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29 తీర్పులో చెప్పింది. భయపడి నాటు మందులకు పోకుండా ఆపేది ఆ ఒక్క మాటే. సంఘటన ఆంధ్రా వైపు ఊళ్ళో జరిగినా ఒడిశా స్టేషన్లో ఫిర్యాదు తీసుకోవాలి, జీరో ఎఫ్‌ఐఆర్ ఇప్పుడు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోనే ఉంది.

ఆడవాళ్ళ పరీక్ష, మధ్యలో మాట చెప్పే మనిషి

మీరు మగ డాక్టరు. ఛాతీ, పొట్ట కింది భాగం, రొమ్ము, మర్మాంగాలు చూడాల్సినప్పుడు ఆడ అటెండెంటు గదిలో ఉండాలి. వరుస ఇది: బల్ల దగ్గర కూర్చున్నప్పుడే ఏం చూస్తారో, ఎందుకో చెప్పి "సరేనా అమ్మా?" అని అడగాలి. ఔననేదాకా ఆగాలి. అటెండెంటును పేరు పెట్టి పిలవాలి. తెర వేశాక బట్టలు ఆవిడే సర్దుకోవాలి, మీరు తెర ఇవతలే ఉండాలి. చూసే భాగం తప్ప మిగతాదంతా దుప్పటి కింద ఉండాలి. తలుపు మూయాలి, గడియ పెట్టకూడదు. చూసేటప్పుడు తర్వాతేం చేస్తున్నారో చెప్తూ ఉండాలి. వేరే కబుర్లు, మెచ్చుకోళ్ళు వద్దు. జబ్బు గురించి మాట్లాడేది మళ్ళీ బల్ల దగ్గరికొచ్చాకే. చివర కేస్ షీట్‌లో "పరీక్షలో ఉన్నవారు: ఫలానా" అని రాసి అటెండెంటు పొట్టి సంతకం పెట్టాలి. ఆ ఒక్క లైను లేకపోతే రేపు ఆరోపణ వచ్చినప్పుడు అటెండెంటు ఉన్నట్టు రుజువే ఉండదు. అటెండెంటు సెలవులో ఉంటే అత్యవసరం కాని పరీక్ష మర్నాటికి వేయండి.

వెంట వచ్చిన అత్తగారు, ఆడపడుచు అటెండెంటుకు బదులు కారు. వాళ్ళు పేషెంటు మీద పెత్తనం ఉన్నవాళ్ళు. నెలసరి తేదీ, పాత గర్భాలు, ఇంట్లో దెబ్బలు అడగాలంటే ముందు వాళ్ళను బయట కూర్చోబెట్టాలి. "అందరికీ ఇదే పద్ధతి, బీపీ చూసి పిలుస్తాం" అంటే లేస్తారు.

మన ఊళ్ళకే ప్రత్యేకమైన చిక్కు భాష. తెలుగు, ఒడియాలతో మీకు గడిచిపోతుంది. గుమ్మ, సెరంగ వైపు నుంచి వచ్చే సవర ఆడవాళ్ళకు ఆ రెండూ అంతంతమాత్రమే. మధ్యలో మాట చెప్పేది భర్తో, పదేళ్ళ కూతురో, ఊరి ఆశా కార్యకర్తో. పిల్లలచేత ఎప్పుడూ చెప్పించకండి. తల్లి రక్తస్రావం గురించి పిల్ల చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ ఆ పిల్లకు రాకూడదు. భర్త అయితే మీ మూడు ప్రశ్నలకు ఆవిణ్ణి అడక్కుండానే తనే జవాబిస్తాడు. ఆశా కార్యకర్త మేలు, కానీ ఆమెదీ అదే ఊరు. మొదలెట్టేముందు పేషెంటు వింటుండగానే "ఇక్కడి మాట ఇక్కడే" అని ఆమెచేతే సవరలో చెప్పించండి. ఆమెను పేషెంటు పక్కన, ఒకడుగు వెనగ్గా కూర్చోబెట్టి, మీరు పేషెంటు మొహం చూస్తూ అడగండి. ఒక్కసారికి ఒక్క ప్రశ్నే. పేషెంటు నాలుగు వాక్యాలు చెప్పి ఆశా "ఏం లేదంటోంది బాబూ" అంటే ఆగి, "ఆవిడన్నది అన్నట్టే చెప్పమ్మా" అనండి. వీలైతే అటెండెంటుగానే సవర వచ్చిన అమ్మాయిని పెట్టుకోండి, రెండు సమస్యలూ ఒకే జీతంతో తీరతాయి.

సర్టిఫికెట్లు

"నేను చూసిన రోజు నుంచే రాస్తాను." ఇదొక్క వాక్యం కంఠతా పట్టండి. అంతకు ముందు జబ్బుగా ఉన్నారంటే "రోగి చెప్పిన ప్రకారం ఫలానా తేదీ నుంచి జ్వరం, నేను పరీక్షించినది ఈ తేదీన" అని విడదీసి రాయవచ్చు, అది అబద్ధం కాదు. సర్టిఫికెట్ల రిజిస్టరు పెట్టాలని నిబంధనల్లో ఉంది: వరుస నంబరు, పేరు, చిరునామా, పుట్టుమచ్చ వంటి గుర్తు, రోగి సంతకం లేదా వేలిముద్ర, మీ దగ్గర ఒక నకలు. రిజిస్టరు బల్ల మీద కనబడుతుంటే పాత తేదీ అడగాలనుకున్నవాళ్ళలో కొందరు అక్కడే ఆగిపోతారు. కొట్లాట దెబ్బలను "జారిపడ్డాడు" అని రాయమనే చుట్టాలదీ ఇదే బాపతు. తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళ పేరు డాక్టర్ల రిజిస్టరులోంచి తీసేసే అధికారం కౌన్సిల్‌కుంది.

కానుకలు, కమిషన్లు

నయమయ్యాక తెచ్చిన పనసకాయ, అనాస, జీడిపప్పు పొట్లం పుచ్చుకోండి. కొండ దిగి మోసుకొచ్చినది వద్దంటే అవమానమే. ఇంట్లోకి పంపకుండా క్లినిక్‌లోనే కోసి స్టాఫ్‌కు, బెంచీ మీద ఉన్నవాళ్ళకు పంచండి. దాన్ని ఫీజు కింద జమకట్టకండి, తెచ్చినందుకు వరుస దాటించి పిలవకండి. డబ్బు, బంగారం, పట్టుచీర, స్థలం బేరంలో రాయితీ మాత్రం వద్దు. సర్టిఫికెట్ అడిగే ముందు వచ్చే నాటుకోడి కూడా వద్దు. పేషెంట్లతో చీటీపాటలు, చేబదుళ్ళు పెట్టుకోకండి, వాయిదా తప్పిన రోజున బీపీ కూడా సరిగ్గా చూడలేరు. కేసు పంపినందుకు పల్లెల్లో డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీలకు వాటా ఇవ్వడం, ల్యాబు నుంచి మీరు తీసుకోవడం రెండూ నిబంధనల ప్రకారం అనైతికమే. ఇవ్వకపోతే కేసులు రావంటారు. మొదట్లో కొన్ని తగ్గుతాయి, నిజమే. ఆర్‌ఎంపీ పంపిన పేషెంటు చేతిలో ఏం కనిపించిందో, ఏం ఇచ్చామో రాసిన జవాబు కాగితం తిరిగి పంపండి. వాళ్ళలో చాలామందికి ఆ మర్యాద కొత్త, దానికోసమే పంపేవాళ్ళు ఉంటారు.

ఆ మెసేజీల సంగతి

చివర రాశారు గానీ ముందు తేల్చాల్సింది ఇదే. "తిన్నారా?", "ఈ రోజు ఆ చొక్కా బాగుంది", రాత్రిపూట ఇంటి గొడవలు, ప్రతిసారీ ఆఖరి చీటీ అడగడం, అటెండెంటు బయటకు వెళ్తే బాగుండునన్న చూపు: ఇవి విడివిడిగా ఏమీ కావు, కలిస్తే అర్థం వేరు. అంతకన్నా ముందు మీవైపు చూసుకోండి. ఓపీ లిస్టులో ఆ పేరుందా అని వెతుకుతున్నారా, ఆ పేషెంటుకే ఎక్కువసేపు ఇస్తున్నారా, ఫీజు వద్దంటున్నారా, మెసేజీలు చెరిపేస్తున్నారా? ఒక్కదానికి ఔనన్నా ఈ వారమే కేసు మార్చండి.

పేషెంటు మీతో చెప్పుకున్న బలహీనతలన్నీ మీ చేతిలో ఉన్నాయి, మీవి ఆమె చేతిలో లేవు. అందుకే ఆమె ఇష్టపడిందన్నది ఇక్కడ సమర్థన కాదు. పేషెంటుతో అనుచిత ప్రవర్తనను నిబంధనలు వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా లెక్కకడతాయి.

ఒక్కసారి, పగటిపూట, క్లినిక్ నంబరు నుంచి ఇలా పంపండి: "నమస్కారం. వైద్యం విషయాలు ఓపీలో మాట్లాడుకుందాం. సొంత విషయాలకు జవాబివ్వలేను, అన్యథా భావించవద్దు." కోపం వద్దు, ఎమోజీలు వద్దు, సలహా వద్దు. తర్వాత వచ్చేవాటికి జవాబు లేదు. పాత మెసేజీలు చెరపకుండా ఉంచండి, కేస్ షీట్‌లో తేదీతో "సొంత విషయాల సందేశాలు, మర్యాదగా నిరాకరించాను" అని రాయండి. ఇకమీదట పరీక్ష ఉన్నా లేకపోయినా ఆ పేషెంటుకు అటెండెంటు గదిలోనే ఉండాలి. నమ్మకమైన సీనియర్ ఒకరికి ఆ రోజే చెప్పి ఉంచండి, తర్వాత చెప్తే సంజాయిషీలా ఉంటుంది. ఆ మెసేజీల్లో చావు ఊసుంటే మాత్రం ఇదంతా పక్కన పెట్టి, అత్యవసరంగా లెక్కించి ఇంట్లోవాళ్ళను, సైకియాట్రిస్టును కలపండి.

మీరు పెళ్ళికానివారైతే ఇంకోటి జరగొచ్చు, పేషెంటు ఇంటి నుంచే పద్ధతిగా సంబంధం కబురు రావడం. మన వైపు అందులో వింతేం లేదు. కానీ జాతకాలు చూసేలోపే ఆ ఇంటి కేసు వేరే డాక్టరుకు అప్పగించండి. మానసిక సమస్యకు మీ దగ్గర వైద్యం పొందిన మనిషైతే ఎన్నాళ్ళు గడిచినా వద్దు.

కేసు మార్చడానికి పద్ధతుంది. మొదలెట్టిన వైద్యాన్ని తగినంత ముందుగా చెప్పకుండా వదిలేయకూడదు. ఉత్తరంలో జబ్బు, ఇప్పటి మందులు మోతాదులతో, పడని మందులు, ఆఖరి పరీక్షల ఫలితాలు, తర్వాత చూడాల్సిన తేదీ ఉండాలి. కారణం దగ్గర "తదుపరి వైద్యం కొరకు" అన్నది చాలు, మెసేజీల ఊసు అందులో రాకూడదు. కొత్త డాక్టరును కలిసేదాకా సరిపడా మందులు రాయండి, ఈలోగా అత్యవసరమైతే మీరే చూడాలి. కేసు కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, మీ దగ్గరివి వైద్యం మొదలైన నాటి నుంచి మూడేళ్ళు ఉంచాలి. ఇలాంటి కేసువైతే మూడేళ్ళు దాటినా పారేయకండి.